తాళాలాయన సెలవు

ఆ సోమవారం పొద్దున తాళాలాయన తన కొట్టు షట్టరు దించి, తాళం వేసి, దాని మీద ఒక అట్టముక్క అంటించాడు. "పాప పుట్టింది. పన్నెండు వారాలు సెలవు" అని పెద్ద అక్షరాలతో రాసి, అర్జంటు పనుల కోసం ఊరి అవతలి చివర ఇదే పని చేసే ఇంకొకతని ఫోన్ నంబరు కింద వేశాడు.

పక్క కొట్లో చెప్పులు కుట్టే పెద్దాయన సూది ఆపి, అట్టముక్కను రెండుసార్లు చదివాడు.

"సెలవా? ఎవరిచ్చారయ్యా నీకు?"

"నేనే ఇచ్చుకున్నా బాబాయ్."

"అయితే మీ ఓనరు మంచోడే. మావాడున్నాడు, ఒక్క పూట కూడా వదలడు," అంటూ పెద్దాయన తన ఛాతీని తనే వేలితో పొడుచుకున్నాడు.

తాళాలాయన నవ్వాడు గానీ, ఆ వేళప్పుడు వీధిలో ఖాళీ చేతులతో ఎలా నిలబడాలో అతనికి తెలియలేదు. పదకొండేళ్ళలో ఆ కొట్టు వరుసగా మూడు రోజులు మూసింది లేదు. రెండు చేతులు చాపితే ఇటు గోడా అటు గోడా తగిలేంత కొట్టు. తాళంచెవులు కోసే మిషను ఒకటి, గోడ నిండా మేకులకు వేలాడే కోయని తాళంచెవులు, ఒక ఎత్తు పీట. జ్వరం వస్తే ఆ పీట వెనకాలే దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. ఎవరైనా వస్తే లేచేవాడు. పెళ్ళినాడు కూడా ఇద్దరికి మారుతాళాలు చేసి ఇచ్చి మరీ వచ్చాడని భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఈ సెలవు సంగతి కనిపెట్టింది కూడా ఆవిడే. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం ఆమెది. సొంతంగా పని చేసుకునేవాళ్ళకు కూడా బిడ్డ పుడితే సెలవు భృతి ఇస్తారని, అయితే కనీసం ఏడాది ముందే పేరు నమోదు చేయించుకుని నెలనెలా చందా కడుతూ ఉండాలని, అక్కడి నోటీసు బోర్డు మీద చదివింది. అప్పటికి కడుపు కూడా రాలేదు. "మనకి పిల్లలు పుట్టకపోతే కట్టిందంతా నీళ్ళపాలేగా," అని అతను గొణిగాడు. "పుడితే?" అందామె. ఆ ఒక్కమాటతో గొణుగుడు ఆగింది.

పాప పుట్టింది. భార్యకు ఆసుపత్రివాళ్ళిచ్చిన సెలవు మూడు నెలలు. క్రెష్‌లో ఆరో నెల వస్తేగానీ చేర్చుకోరు. మధ్యలో ఉన్న ఆ ఖాళీలోకి తాళాలాయన దిగాడు.

కాగితాల పని మాత్రం అనుకున్నంత తేలిగ్గా కాలేదు. భృతి ఇచ్చే ఆఫీసులో ఏడో నంబరు కౌంటరు దగ్గర, కళ్ళజోడుకు గొలుసు కట్టుకున్న గుమాస్తా ఒకావిడ ఫారం తిరగేసి, "ఇక్కడ యజమాని సంతకం లేదండీ," అంది.

"నాకు యజమాని లేరండి."

"మరి మీకు పని ఇచ్చేదెవరు?"

"తాళాలు పోగొట్టుకున్నవాళ్ళు."

ఆవిడ నవ్వలేదు. ఆ రోజు ఆవిడ ముందు నలభై మంది ఉన్నారు. "మీరు సెలవులో ఉన్నారని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి కదా. ఫారం మార్చలేదు వీళ్ళు. ఉద్యోగస్తుల ఫారమే మీకూ ఇచ్చారు. సరే, యజమాని అన్నచోట మీరే పెట్టండి, ఉద్యోగి అన్నచోటా మీరే పెట్టండి. ఆ రెండో పేజీలో కూడా."

రెండో పేజీ మీద ఆవగింజలంత అక్షరాల్లో ఏదో ఉంది. చదవబోతుంటే ఒళ్ళో పాప గుక్కపట్టింది. వెనకాల వరుసలో ఎవరో నిట్టూర్చారు. అతను పాపను భుజం మారుస్తూ, చదవకుండానే మూడు సంతకాలూ పెట్టేశాడు.

సెలవంటే కాస్త ఒళ్ళు విశ్రమిస్తుందని అతననుకున్నాడు. మొదటి వారంలోనే ఆ భ్రమ పోయింది. పాప మంచం మీద పడుకోదు, ఉయ్యాలలో పడుకోదు, ఒళ్ళోనూ పడుకోదు. ఎదకు గుడ్డతో కట్టుకుని నడుస్తుంటేనే పడుకుంటుంది. ఆగితే లేస్తుంది. వాళ్ళుండేది మూడో అంతస్తులో. వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై ఆరు అడుగులు. పొద్దున భార్య బస్సెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం ఆమె చెప్పులు గుమ్మంలో విడిచేదాకా అతను ఆ ఇరవై ఆరు అడుగులూ వేస్తూనే ఉండేవాడు. పాలసీసాలు కడగడం నడుస్తూ కుదరదు కాబట్టి, సింకు ముందు నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు ఊగుతూ కడిగేవాడు. చొక్కా భుజం ఎప్పుడూ పుల్లటి పాలవాసన కొట్టేది. అన్నం నిలబడే తినేవాడు.

"హాయిగా ఇంట్లో రెస్టన్నమాట," అనేవాడు ఎదురింటాయన, ఆఫీసుకు వెళ్తూ.

"హాయిగానండి," అనేవాడు ఇతను. వాదించే ఓపిక ఉంటేగా.

ఫోను ఒకటి చెవిలో జోరీగ. పదకొండేళ్ళుగా అతను ఆ చుట్టుపక్కల వీధుల్లో కరెంటు మీటరు పెట్టెల మీద, మెట్ల పక్క గోడల మీద, లిఫ్టు తలుపుల మీద "తలుపు లాక్ పడిపోయిందా? పిలవండి" అని స్టిక్కర్లు అంటించాడు. అవన్నీ ఇప్పుడు పిలవడం మొదలుపెట్టాయి. ఒకరి కారు తాళంచెవి కారులోనే ఉండిపోయింది. ఒకరి బీరువా తెరుచుకోదు. "సెలవులో ఉన్నానండి" అని చెప్పి ఆ రెండో అతని నంబరు ఇచ్చేవాడు. కొందరు జోకనుకుని నవ్వేవారు. "తాళాలాయనకి సెలవేంటి అన్నా!" అని ఒకడు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

నాలుగో వారం గురువారం, పదకొండు గంటలప్పుడు, ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. మాట తడబడుతోంది.

"అన్నా, తలుపు లాక్ పడిపోయింది. చెత్తబుట్ట బయట పెడదామని వచ్చాను, గాలికి పడిపోయింది. బాబు లోపలున్నాడు. రెండేళ్ళు వాడికి."

"అమ్మా, నేను సెలవులో..."

"పొయ్యి మీద పాలు పెట్టానన్నా."

అతను నడక ఆపేశాడు. పాప కదిలింది. మళ్ళీ నడుస్తూ, "ఫైరువాళ్ళకి చేశారా?" అని అడిగాడు. చేసింది. బయల్దేరామన్నారట, ట్రాఫిక్కుందన్నారట. అతను ఫోన్ పెట్టించి రెండో అతనికి చేశాడు. అతను ఊరి అవతల ఎవరిదో ఇనప్పెట్టె సగం విప్పి కూర్చున్నాడు. "ఎంత తక్కువన్నా గంట పడుతుంది తమ్ముడూ," అన్నాడు.

ఆమె చెప్పిన ఇల్లు రెండు వీధుల అవతలే. తాళాలాయన మంచం కింద ఉన్న చిన్న సంచీ లాగి, పాపను ఎదకు కట్టుకున్నవాడు కట్టుకున్నట్టే మెట్లు దిగాడు. ఆఫీసు గానీ, ఫారం గానీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుర్తు వచ్చినా ఏం చేసేవాడో తర్వాత చాలాసార్లు ఆలోచించాడు. వెళ్ళే ఉండేవాడు.

రెండో అంతస్తులో ఆమె కాలుగాలిన పిల్లిలా తలుపు ముందు తిరుగుతోంది. తలుపు కింది సందులోంచి నాలుగు చిన్న వేళ్ళు బయటికొచ్చి కదులుతున్నాయి. లోపల ఏడుపు. పాలు పొంగి మాడుతున్న వాసన అప్పటికే మెట్ల మీదకు వస్తోంది.

ఆ తాళం తను బిగించిందే. రెండేళ్ళ కిందట ఆవిడ నిండు నెలల్లో ఉన్నప్పుడు, దొంగల భయమని చెబితే, మంచి రకం చూసి వేశాడు. ప్లాస్టిక్ రేకు దూర్చితే తెరుచుకునేది కాదు. సంచీలోంచి సన్నటి ఉక్కు పుల్లలు రెండు తీశాడు. మామూలుగా అయితే మోకాళ్ళ మీద కూర్చుని, చెవి తలుపుకు ఆనించి చేసే పని. ఇప్పుడు ఎద మీద పాప ఉంది. ఆవిడకు అందిద్దామంటే ఆవిడ చేతులు వణికిపోతున్నాయి. చివరికి పక్కకు తిరిగి, భుజం తలుపుకు ఆనించి, చేతులు రెండూ పక్కకు చాపి తాళం దగ్గర మొదలుపెట్టాడు. నడక ఆగేసరికి పాప లేచింది. లోపల ఒక ఏడుపు, ఎద మీద ఒక ఏడుపు, పక్కన ఆ తల్లి ఏడుపు. మొదటిసారి పుల్ల జారింది. రెండోసారీ జారింది. అతనికి చెమట కళ్ళల్లోకి కారింది.

"వేళ్ళు వెనక్కి తీసుకోమనమ్మా వాణ్ణి. తలుపు తెరుస్తున్నా," అన్నాడు.

"చిట్టీ, వెనక్కెళ్ళు నాన్నా, వెనక్కెళ్ళు."

వేళ్ళు లోపలికి పోయాయి. తాళం కడక్‌మని తిరిగింది. మొత్తం ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆమె లోపలికి దూకి ఒక చేత్తో బాబును ఎత్తుకుని, ఇంకో చేత్తో పొయ్యి ఆపింది. గిన్నె నల్లగా మాడిపోయింది, పక్కన వేలాడదీసిన చేతిగుడ్డ అంచు అప్పుడే గోధుమరంగుకు తిరిగింది.

ఆమె డబ్బు తీయబోతే అతను తల అడ్డంగా ఊపాడు. "ఏం వద్దమ్మా. కిటికీలు తెరవండి."

"ఒక్క ఫోటో అయినా తీసుకోనివ్వన్నా," అందామె, ముక్కు తుడుచుకుంటూ. వద్దనడానికి కూడా ఓపిక కావాలి. అతను సంచీ పట్టుకుని, ఎద మీద పాపతో, ఎర్రబడ్డ కళ్ళతో నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే ఆమె ఆ ఫోటో వీధివాళ్ళ గ్రూపులో పెట్టింది. "మన తాళాలాయన సెలవులో ఉండి కూడా, పసిబిడ్డను కట్టుకుని వచ్చి మా బాబును కాపాడారు. ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారు" అని రాసింది. వందలమంది దండాలు, పువ్వులు పెట్టారు. చెప్పులు కుట్టే పెద్దాయన కూడా మనవరాలి చేత ఒక బొటనవేలు పెట్టించాడు. ఆ ఫోటో చేతులు మారి మారి చివరికి ఆ ఆఫీసులోనే ఎవరి ఫోన్లోకో చేరింది. కావాలని ఫిర్యాదు చేసినవాళ్ళెవరూ లేరు. ఫోటోలో పనిముట్ల సంచీ ఉంది, రాతలో "సెలవులో ఉండి కూడా" అని ఉంది. అంతే.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. సెలవు కాలంలో వృత్తికి సంబంధించిన ఏ పనీ, ప్రతిఫలం తీసుకుని గానీ తీసుకోకుండా గానీ, చేయనని రెండో పేజీలో సంతకం చేసి ఉన్నారు కాబట్టి, విచారణ పూర్తయ్యేదాకా భృతి నిలిపివేస్తున్నామని దాని సారాంశం.

భార్య ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, వంటగదిలో నిలబడి చదివింది.

"రెండో పేజీలో ఏముందో చూడలేదా నువ్వు?"

"పాప ఏడుస్తోంది అప్పుడు."

"పాప ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటుంది! ఏడాదిన్నర కట్టాం. నెల తప్పకుండా కట్టాం. నువ్వు ఒక్క పేజీ చదవలేకపోయావు." ఆమె గొంతు పెద్దదైంది. తొమ్మిది గంటలు సీసం ఏప్రాన్ మోసిన భుజాలు వంగిపోయి ఉన్నాయి. "వెళ్ళకపోతే ఏమయ్యేది? ఫైరువాళ్ళొచ్చేవాళ్ళు కదా."

"వచ్చారు. నేను తిరిగి వచ్చేసేటప్పుడు వీధి మలుపులో కనిపించారు."

ఆమె లెక్కేసుకుంది. డబ్బు కాదు, నిమిషాలు. తలుపు తెరుచుకున్నాక వాళ్ళు రావడానికి ఎంత పట్టిందో. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వెళ్ళకుండా ఉంటే నేనే నిన్ను ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదులే," అంది చిన్న గొంతుతో. "అయినా నాకు కోపం పోవట్లేదు. ఎవరి మీదో తెలియట్లేదు."

మర్నాడు అతను ఆఫీసుకు ఫోన్ చేశాడు. తీసింది ఆ కళ్ళజోడు గొలుసావిడే.

"విచారణ ఎప్పుడండీ?"

"మూడు వారాలు పట్టొచ్చు."

"ఈలోపు మేమెలా బతకాలి? కొట్టు తెరుచుకోవచ్చా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "కొట్టు మూసి ఉంచితే ఏమవుతుందో నేను చెప్పలేనండి. తెరిస్తే ఏమవుతుందో మాత్రం చెప్పగలను."

ఆమెకు తెలిసిందల్లా అదే. తెరిస్తే కేసు అక్కడితో ముగుస్తుంది, భృతి మొత్తం పోతుంది. తెరవకపోతే చేతికి ఏమీ రాదు. భార్య ఆసుపత్రిలో అదనపు డ్యూటీలు ఒప్పుకుంది. దాంతో ఇంటికి వచ్చేసరికి ఆమెకు పాపను ఎత్తుకునే ఓపిక ఉండేది కాదు. పాప ఆమె వైపు చేతులు చాపడం ఒక రోజు మానేసింది. ఆ రోజు ఆమె స్నానాలగదిలో చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. తాళాలాయన బయట నడుస్తూనే ఉన్నాడు.

ఇంక లాభం లేదనుకున్నాడు. శనివారం మధ్యాహ్నం అత్తగారు వచ్చినప్పుడు చెప్పేశాడు.

అత్తగారిది జీవితమంతా ఇస్త్రీ దుకాణం. కుడి మోచెయ్యి ఇప్పుడు పూర్తిగా చాచలేదు. వారానికోసారి రెండు బస్సులు మారి వచ్చి, పాపను తీసుకుని, "వెళ్ళి పడుకో బాబూ," అనేది. ఆ రోజు అతను పడుకోవడానికి వెళ్ళలేదు.

"సోమవారం కొట్టు తెరిచేస్తానత్తయ్యా. పాపని బుట్టలో పీట వెనకాల పెట్టుకుంటా. మీరు పెంచలేదా అలా? మీ అమ్మాయి పుట్టిన మూడో రోజుకే దుకాణంలో ఉన్నారంటగా."

అత్తగారు పాపను ఒళ్ళో అటూ ఇటూ ఊపింది.

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్తారు. ఎంత గట్టి మనిషో అంటారు."

"అంటారు. అప్పుడూ అన్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గట్టిదాన్నా పాడా. దిక్కులేక పెట్టె పట్టుకున్నాను. బొగ్గుల పెట్టె అది, నీకు తెలీదు, ఎంత బరువో. పిల్లని బల్ల కింద పడుకోబెట్టేదాన్ని. పైనుంచి నిప్పురవ్వ పడుతుందేమోనని ఒక కన్ను కిందే ఉండేది. కానీ పిల్లని చూడ్డం వేరు, రవ్వ పడిందా లేదా అని చూడ్డం వేరు బాబూ." పాప నోట్లో పెట్టుకున్న చీర కొంగును మెల్లగా లాగింది. "నీ పెళ్ళాం మొదటి ఏడాది మొహం నాకు గుర్తులేదు. ఎప్పుడు కూర్చుందో, ఎప్పుడు పాకిందో అడిగితే చెప్పలేను. ఆ ఏడాది ఎవరి చొక్కాలకి ఎన్ని గుండీలు ఊడాయో అడుగు, చెప్తాను."

అతను కింద పడ్డ పాప గుడ్డ తీసి మడతపెట్టాడు.

"ఆ కాగితం మీద నాకు మాత్రం ఏం అర్థమవుతుందిలే. కానీ ఈ సెలవని ఒకటి ఉందని నా కూతురు చెప్పినప్పుడు ఆ పూట అన్నం సయించలేదు నాకు. తెరవకు. ఇంకొన్నాళ్ళు చూడు. బియ్యం, పప్పు నేను పట్టుకొస్తా. ఇప్పుడు వెళ్ళి పడుకో."

సోమవారం అతను కొట్టు తెరవలేదు. ఆ వీధివైపు కూడా వెళ్ళలేదు.

ఉత్తరం వచ్చిన పంతొమ్మిదో రోజున విచారణకు పిలిచారు. పాపను వదిలిపెట్టడానికి ఎవరూ లేక వెంట తీసుకెళ్ళాడు. లోపలికి పిలిచేముందు కళ్ళజోడు గొలుసావిడ వసారాలోకి వచ్చి, చుట్టూ చూసి, చేతిలో ఒక కాగితం పెట్టింది.

"వాంగ్మూలం ఇది. ఇరుగుపొరుగు సాయంగా వెళ్ళానని రాయండి. పనిముట్లు వాడలేదని, వంటింటి కత్తితో తలుపు తెరిచానని రాయండి. అలా రాస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. నేను చాలా చూశాను."

"ఫోటోలో సంచీ ఉందిగా?"

"పాలసీసాల సంచీ అనండి."

ఆవిడ మంచికే చెబుతోందని అతనికి తెలుసు. ఆవిడ కళ్ళ కింద కూడా నల్లటి చారలున్నాయి. పెన్ను తీసుకుని బెంచీ మీద కాగితం పెట్టాడు. "ఇరుగుపొరుగు సాయంగా వెళ్ళాను" దాకా రాశాడు. "వంటింటి కత్తి" దగ్గర చెయ్యి ఆగింది.

"ఏమైందండీ?"

"కత్తితో తెరుచుకునే తాళమైతే ఆవిడకి నేనెందుకు బిగిస్తానండి?" అన్నాడు. "మంచిదని చెప్పి బిగించాను. రేపు ఈ కాగితం ఎవరైనా చదివితే?"

ఆవిడ అతని వైపు, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత ఏమనుకుందో, "మీ ఇష్టం," అని లోపలికి వెళ్ళిపోయింది. అతను కింద ఇలా రాశాడు: "నా పనిముట్లతోనే తెరిచాను. డబ్బు తీసుకోలేదు."

విచారణాధికారి పదవీ విరమణకు దగ్గర్లో ఉన్న మనిషి. బల్ల మీద ఫైళ్ళు రెండు వైపులా గోడల్లా పేర్చి ఉన్నాయి, మధ్యలోంచి ముఖం కనిపిస్తోంది. పాప అప్పుడే లేచి కేకలు మొదలుపెట్టింది.

"ఆ పిల్లను కాసేపు బయట ఎవరికైనా ఇవ్వగలరా?"

"ఇవ్వడానికి మనిషుంటే సెలవెందుకండీ," అన్నాడు తాళాలాయన. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. "కూర్చుంటే ఏడుస్తుందండి. నేను నడుస్తూ చెప్పొచ్చా?"

అధికారి చెయ్యి ఊపాడు. తాళాలాయన తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకు నడుస్తూ జవాబులు చెప్పాడు. అధికారి తల కూడా అతనితోపాటే అటూ ఇటూ తిరిగింది.

"మీరు చేసింది పనేనా?"

"పనేనండి. పదకొండేళ్ళుగా చేసేది అదే. కాదంటే ఎలా?"

"ఎంతసేపు?"

"తాళం దగ్గర ఐదు నిమిషాలు. రానూపోనూ కలిపితే అరగంట."

తలుపు బయట గొడవ వినిపించింది. ఆ బాబు తల్లి వచ్చింది. బాబు చంకలో ఉన్నాడు. ఆమెకు కబురు ఎవరు చెప్పారో అతనికి తెలియదు. తనను లోపలికి పంపించాల్సిందేనని ఏడో కౌంటరు ఆవిడతో వాదించి మరీ లోపలికి వచ్చింది.

"తప్పు నాదండి. నేనే పిలిచాను, నేనే ఫోటో పెట్టాను. రావడానికి ఆయన ముందు ఒప్పుకోలేదు కూడా. నాకేం తెలుసండీ, మంచి చేసినాయన్ని నలుగురికీ చూపిస్తే ఆయన పొట్ట మీద కొట్టినట్టవుతుందని?" అని ఆమె ఏడ్చేసింది. బాబు కూడా ఏడ్చాడు. పాప మాత్రం కొత్త ఏడుపు విని ఆశ్చర్యంగా నోరు మూసుకుంది.

అధికారి ఆ నిశ్శబ్దం ఎంతసేపుంటుందో తెలియనివాడిలా గబగబా అడిగాడు. "మిగిలిన సెలవులో మళ్ళీ ఇలాంటి ఫోనే వస్తే?"

తాళాలాయన ఆగిపోయాడు. వెళ్ళనని చెప్పడానికి ఒక్క మాట చాలు. పంతొమ్మిది రోజులుగా ఇంట్లో పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క మాటతో తీరతాయి. పాప కదలగానే మళ్ళీ నడక మొదలుపెట్టాడు.

"తాళంచెవులు చేయమని వస్తే వెళ్ళనండి. బీరువాలకి వెళ్ళను. లోపల పసివాళ్ళుండి, పొయ్యి వెలుగుతుంటే వెళ్తాను."

అధికారి కళ్ళజోడు తీసి ముక్కు మీద నొక్కుకున్నాడు. ఒక లావుపాటి పుస్తకం తెరిచి, చాలాసేపు వేలితో వెతికాడు.

"అరగంట అనే మాట ఇందులో లేదు. ఒక రోజు అని కూడా లేదు. కోత వేస్తే ఒక వారం వేయాలి, లేకపోతే మొత్తం రద్దు చేయాలి. ఇంకో దారి వీళ్ళు రాయలేదు," అన్నాడు, ఆ రాసినవాళ్ళతో తనకేమీ సంబంధం లేనట్టు. "ఆ వారం పోతుంది. మిగతాది ఆగినప్పటి నుంచి లెక్కగట్టి ఇస్తారు. హెచ్చరిక ఒకటి ఇంటికి వస్తుంది, భయపడకండి, అందరికీ వచ్చేదే. వెళ్ళండి, ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టకముందే."

బయటికి వచ్చాక అతనికి సంతోషం కలగలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. ఆ తల్లి పక్కన నిలబడింది.

"ఆ వారం డబ్బు నేనిస్తానన్నా."

"వద్దమ్మా. మీరిచ్చి నేను తీసుకుంటే, తలుపు తీసినందుకు తీసుకున్నట్టే అవుతుంది. మళ్ళీ వీళ్ళ దగ్గరికి రావాలి."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. బాబును కిందికి దించింది. "పోనీ మంగళవారం, శుక్రవారం పొద్దున పూట పాపని నా దగ్గర వదిలెయ్. రెండేసి గంటలు. నేను ఇంట్లోనే ఉంటాను కదా. దానికేమన్నా రూలుందా?"

అతను రెండో పేజీ మొత్తం ఇప్పుడు కంఠతా పట్టాడు. గుర్తు చేసుకున్నాడు. "లేదు," అన్నాడు.

శుక్రవారం పాపను ఆమె చేతికిచ్చి ఇంటికి వచ్చి మంచమెక్కాడు. ఇల్లు కిక్కురుమనడం లేదు. నిద్ర రాలేదు. కాళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. పావుగంటకల్లా లేచి వెనక్కి వెళ్ళి తలుపు తట్టాడు.

"అప్పుడేనా?" అందామె. లోపల పాప, ఆ ఇంటి బాబు ఊపుతున్న పాత బొంత ఉయ్యాలలో, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇంట్లో ఏ ఉయ్యాలలోనూ పడుకోని పిల్ల. "దీన్ని లేపితే ఊరుకోను. వెళ్ళి పడుకో."

"ఇక్కడ కాసేపు కూర్చుంటానమ్మా. చప్పుడు చేయను."

కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీ చూపించి ఆమె వంటగదిలోకి వెళ్ళింది. అతను కూర్చుని పాప ముఖం చూశాడు. ఐదు నెలల్లో ఆ ముఖాన్ని పైనుంచి, నడుస్తూ, గడ్డం కింద చూడటమే గానీ, ఇలా ఎదురుగా, తీరిగ్గా చూడలేదు. ఎడమ కనుబొమ సగంలో ఆగిపోయి, చిన్న ఖాళీ తర్వాత మళ్ళీ మొదలవుతోంది. భార్యకు చెప్పాలి అనుకున్నాడు. చెవి అంచు మడతపడి ఉంది, అది అత్తగారి చెవి. అదీ చెప్పాలి. ఇంకేదో చూడబోతుండగా కళ్ళు మూతలు పడ్డాయి.

తల పక్కకు వాలిపోయి, అతను గురక పెట్టాడు. బాబు వచ్చి కాసేపు వింతగా చూశాడు. వాళ్ళమ్మ గుమ్మంలోంచి వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. సెలవు ఇంకా మూడు వారాల పైచిలుకు ఉంది.